26 మందికి ట్రాపికల్ పంచ్: రమ్ ఎంత, రసం ఎంత?

తోటలో_పార్టీ · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. వచ్చే శనివారం మా పదో తరగతి బ్యాచ్ కలుస్తున్నాం. చేవెళ్ల దగ్గర ఫ్రెండు వాళ్ళ మామిడి తోటలో. మొత్తం 26 మందిమి. తాగేవాళ్ళు 14, తాగనివాళ్ళు 12. ఈ పన్నెండులో ఇద్దరు "అప్పుడు చూద్దాంలే" అంటున్నారు. వాళ్ళని ఎటు వేయాలో తెలియక ఇటు వేశాను.

ప్రతిసారీ బీరు, విస్కీ, ఉల్లిపాయ వేసిన పల్లీలు. విసుగొచ్చింది. గోవాలో ఒకసారి పెద్ద గాజు గిన్నెలో పైనాపిల్ ముక్కలు తేలుతూ గరిటెతో పోసి ఇచ్చే పంచ్ తాగాను. అలాంటిది చేద్దామని మొన్న ఆదివారం ఇంట్లో ట్రయల్ వేశాను. ఒక ఫుల్ బాటిల్ రమ్, రెండు లీటర్ల డబ్బా జ్యూస్, సోడా, చాలా ఐస్. మొదటి గ్లాసు దగ్గు మందులా ఉంది, పావుగంట తర్వాత గ్లాసు కడిగిన నీళ్ళలా ఉంది. మా ఆవిడ ఒక గుక్క తాగి "పార్టీకి ఇదేనా, పాపం వాళ్ళు" అంది.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. వంట వచ్చు, ఇది రాదు.

డల్లాస్_బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:40

సింపుల్ తమ్ముడూ. కూలర్ డబ్బాలో వోడ్కా, రమ్, టెకీలా తలా ఒకటి పోసెయ్. పైన ఫ్రూట్ పంచ్ రెండు గ్యాలన్లు. పళ్ళ ముక్కలు ముందురోజు రాత్రే రమ్‌లో నానబెట్టు. అందరూ నిన్ను పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

శాంతక్క · శుక్రవారం రాత్రి 9:58

గుర్తుపెట్టుకుంటారు బాబాయ్, ఎవరు ఎక్కడ పడిపోయారో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తమ్ముడూ, ఆ సలహా వినకు. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఎనిమిదేళ్ళు బార్ వెనకాల నిలబడ్డాను, ఇప్పుడు కేటరింగ్. నువ్వు రాసినది చదివితే తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. అందులో పులుపు లేదు. డబ్బా జ్యూస్ అంటే సగం పంచదార. దానికి రమ్ తోడైతే తీపి మీద ఘాటు, అంతే. దగ్గు మందు కూడా అదే కదా.

కరేబియన్ దీవుల్లో, జమైకా, బార్బడోస్ వైపు, పంచ్‌కి ఒక పాత లెక్క ఉంది. పులుపు ఒక వంతు, తీపి రెండు, ఘాటు మూడు, పలుచన నాలుగు. నిమ్మరసం, చక్కెర పాకం, రమ్, చివరిది నీళ్ళో టీయో పళ్ళ రసమో. దీన్ని శాసనంలా పట్టుకోవద్దు. మన పళ్ళలోనే తీపి ఉంటుంది కాబట్టి నేను పాకం బాగా తగ్గించేస్తాను. కానీ పులుపుని మాత్రం ఎప్పుడూ తగ్గించను. పులిహోరలో చింతపండు తగ్గితే ఎలా ఉంటుందో ఊహించుకో.

ఎంతమందికి ఎంత అన్న లెక్క రేపు రాస్తాను. ఈలోపు ఒక్కటి చెప్పు, పళ్ళు ఏం దొరుకుతాయి?

తోటలో_పార్టీ · శుక్రవారం రాత్రి 10:05

అక్కా థాంక్యూ. తోటలో బంగినపల్లి కాయ ఎంత కావాలంటే అంత. పైనాపిల్, బత్తాయి, నిమ్మ మార్కెట్‌లో ఉన్నాయి. కమలాల కాలం అయిపోయింది. కొబ్బరి బోండాలు తోట దారిలోనే అమ్ముతారు.

నల్లగొండ_బత్తాయి · శుక్రవారం రాత్రి 10:31

బత్తాయి పేరు వినపడింది కాబట్టి వచ్చిన. మా నాయన తోటలో పెరిగినోణ్ణి, ఒక ముచ్చట చెప్త. బత్తాయి రసం పొద్దున పిండి పెట్టి సాయంత్రం తాగితే చేదెక్కుతది. పండు చెడిపోయి కాదు. పిండిన తర్వాత రసంలో లిమోనిన్ అనే పదార్థం మెల్లమెల్లగ తయారవుతది, దాని గుణమే చేదు. గింజలు నలిగినా, తెల్ల తొక్క మిక్సీలో పడినా ఇంకా ఎక్కువ. జ్యూస్ బండి మీద ఎందుకు అప్పటికప్పుడే పిండి ఇస్తరనుకున్నవ్?

పార్టీ ఏడింటికైతే ఆరింటికి పిండు. మిక్సీ వద్దు, చేత్తో తిప్పే మిషన్ మంచిది.

తోటలో_పార్టీ · శుక్రవారం రాత్రి 10:36

అన్నా, ఇది తెలియక ఎన్నిసార్లు జ్యూస్ బండివాడితో గొడవపడ్డానో. ఇంటికి పార్సిల్ తెచ్చుకుని చేదుగా ఉందని.

పీతల_పులుసు · శనివారం ఉదయం 7:20

మాది రేపల్లె వైపు. పంచ్ అని చదవగానే ఆగలేకపోయాను. ఇది మా ఊరి సరుకండీ.

నవ్వకండి. పంచ్ అన్న మాట ఈ అర్థంలో ఇంగ్లీషువాళ్ళ రాతల్లో మొదట కనపడేది 1632 నాటి ఉత్తరంలో. అహ్మదాబాద్‌లో ఉన్న ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు రాశాడు. ఎవరికి రాశాడు? పెటపోలీలో ఉన్న తోటి ఉద్యోగికి. పెటపోలీ అంటే పెద్దపల్లి, ఇప్పటి మా నిజాంపట్నం. 1611లోనే అక్కడ కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. ఉత్తరంలో సారాంశం, హాయిగా కలిసిమెలిసి ఉండండి, పంచ్ జోలికి మాత్రం పోకండి అని. అంటే అప్పటికే మావాళ్ళ గాలి సోకి గట్టిగా తాగుతున్నారన్నమాట.

శాంతక్క · శనివారం ఉదయం 8:02

భలే చెప్పారండీ. ఐదు వస్తువులు కలుపుతారు కాబట్టి మన "పంచ" నుంచే ఆ పేరు వచ్చిందని మాకు కాలేజీలో చెప్పారు. సారా, చక్కెర, నిమ్మ, నీళ్ళు, మసాలా దినుసు. అందరూ ఒప్పుకోరు, ఓడల్లో సారాయి పీపాని పంచన్ అనేవారు కాబట్టి అదే మూలం అనేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా మొదట్లో మన దేశంలో చేసిన పంచ్‌లో ఉన్నది రమ్ కాదు, సారా. రమ్ కలిసింది తర్వాత కరేబియన్ చెరకు తోటల్లో. మన తమ్ముడు తోటలో చేస్తానంటున్నాడు, కాబట్టి తప్పేం లేదు.

డల్లాస్_బాబాయ్ · శనివారం ఉదయం 8:10

చరిత్ర పీరియడ్ అయిపోయిందా? గిన్నె సంగతి తేల్చండి. 26 మందికి గాజు గిన్నె ఎక్కడ దొరుకుతుంది?

బామ్మగారి_మనవడు · శనివారం ఉదయం 8:44

మా ఇంట్లో పెళ్ళిళ్ళ నాటి ఇత్తడి గంగాళం ఉంది. నలభై లీటర్లు పడుతుంది. నేను చేవెళ్లకి దగ్గరే, కావాలంటే పంపిస్తాను బ్రో. ఫొటోల్లో అదిరిపోతుంది. పైన బంతిపూల దండ చుట్టేస్తే చాలు.

శాంతక్క · శనివారం ఉదయం 9:15

ఫొటోకి బాగుంటుంది, కడుపుకి బాగుండదు. కళాయి లేని ఇత్తడిలో నిమ్మరసం, పైనాపిల్ రసం పోస్తే ఆ పులుపుకి రాగి కరిగి రసంలోకి దిగుతుంది. అమ్మలు ఇత్తడి గిన్నెలో చారు పెట్టాలంటే కళాయి ఎందుకు వేయించేవారు మరి? వాంతులు, కడుపునొప్పి ఖాయం, పాపం నింద రమ్ మీద పడుతుంది. అల్యూమినియం కూడా వద్దు. స్టీలు గుండిగ, లేదా మూత ఉన్న గాజు జాడీ. అంతే.

బామ్మగారి_మనవడు · శనివారం ఉదయం 9:18

గంగాళానికి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

శాంతక్క · శనివారం మధ్యాహ్నం 3:30

సరే, లెక్క. భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చున్నాను.

ముందు రమ్. 14 మంది, మనిషికి రెండు మూడు గ్లాసులు. గ్లాసు 180 మి.లీ., అందులో రమ్ 45. రెండు ఫుల్ బాటిళ్ళు అంటే 1500 మి.లీ., అంటే 33 గ్లాసులు. రెండే కొను, మూడోది కారులో కూడా పెట్టకు. ఉంటే తెరుస్తారు.

ఇప్పుడు అసలు కిటుకు. తాగేవాళ్ళకి ఒకటి, తాగనివాళ్ళకి ఒకటి అని రెండు వేర్వేరు వంటలు చేయకు. ఒకే రసం తయారుచేసి రెండు పాత్రల్లో సగం సగం పొయ్యి. ఒక్కో పాత్రకి పైనాపిల్ రసం లీటరున్నర, బత్తాయి రసం లీటరు, మామిడి గుజ్జు అర లీటరు, నిమ్మరసం 350 మి.లీ., చక్కెర పాకం 150 మి.లీ. అంతా కలిపి మూడున్నర లీటర్లు. రమ్ పాత్రలో రెండు బాటిళ్ళు, లీటరు సోడా. రెండో పాత్రలో రమ్ బదులు లీటరున్నర కొబ్బరి నీళ్ళు, లీటరు సోడా. రెండూ ఆరేసి లీటర్లు అవుతాయి, రంగు కూడా దాదాపు ఒక్కలాగే ఉంటుంది. తాగనివాడి చేతిలో కూల్‌డ్రింక్ సీసా పెట్టి పక్కన కూర్చోబెట్టినట్టు ఉండదు.

మార్కెట్‌కి వెళ్తే: పైనాపిళ్ళు పెద్దవి ఆరు, బత్తాయిలు ఐదు కిలోలు, నిమ్మకాయలు నలభై పైచిలుకు (చిన్న కాయ పదిహేను, ఇరవై మి.లీ. మించి ఇవ్వదు), మామిడి పళ్ళు రెండు కిలోలు. పాకం అంటే జిలేబీ పాకం కాదు. చక్కెర, నీళ్ళు సమానంగా వేసి కరిగేదాకా వేడిచేసి చల్లార్చు. చల్లటి రసంలో చక్కెర నేరుగా వేస్తే కరగదు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది.

పాకంలో చిన్న పని ఒకటి చెయ్యి. నిమ్మకాయలు పిండే ముందు ఓ పది కాయల పైతొక్క పల్చగా గీరి, తెల్లభాగం రాకుండా, ఆ చక్కెరలో వేసి చేత్తో బాగా నలిపి గంటసేపు వదిలెయ్. తొక్కలోని నూనె చక్కెరకి పడుతుంది. తర్వాత నీళ్ళు పోసి వేడిచేసి వడకట్టు. ఆ వాసన ముందు ఏ ఎసెన్సూ పనికిరాదు.

లెక్కల_మాస్టారు · శనివారం సాయంత్రం 4:11

అమ్మా, మీ లెక్క సరిచూశాను. మన దగ్గర రమ్ 42.8 శాతం. 1500 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 642 మి.లీ. ఆరు లీటర్లలో అది 10.7 శాతం. ఐస్ కరిగి ఇంకో లీటరు చేరితే 9 శాతం చిల్లర. అంటే స్ట్రాంగ్ బీరు కన్నా ఎక్కువ, వైన్ కన్నా తక్కువ. పళ్ళ రసంలా ఉందని గ్లాసు మీద గ్లాసు ఎత్తేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పాలి. తీపి వెనకాల ఘాటు దాక్కుంటుంది.

ఇంకోటి, చేవెళ్ల నుంచి సిటీకి రాత్రి పూట బండి నడిపేవాళ్ళెవరు? చట్ట ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే. రెండు గ్లాసులకే దాటేయవచ్చు.

తోటలో_పార్టీ · శనివారం సాయంత్రం 4:30

మాస్టారూ, మినీ బస్సు మాట్లాడాం. వద్దన్నవాళ్ళు తోటలోనే పడుకుంటారు, పరుపులు ఉన్నాయి. షుగర్ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్ళు రెండో పాత్ర దగ్గరే ఆగాలని గ్రూపులో పెట్టేశాను. ముగ్గురు అలిగారు.

అక్కా, మామిడి గుజ్జు వేస్తే చిక్కగా అయిపోదా? ఓల్డ్ మాంక్ వాడొచ్చా, లేక తెల్ల రమ్మేనా?

శాంతక్క · శనివారం రాత్రి 8:20

అవుతుంది, అందుకే అర లీటరే అన్నాను. మిక్సీలో తిప్పి పల్చటి బట్టలో వడకట్టు. బంగినపల్లికి పీచు తక్కువ, నీ అదృష్టం. రసాలైతే వడకట్టడానికే సగం రోజు పోయేది. గుజ్జు అడుగుకి దిగుతుంది కాబట్టి పోసే ప్రతిసారీ గరిటె అడుగు నుంచి తిప్పాలి.

తెల్ల రమ్ వేస్తే పండు వాసన ముందుంటుంది. ఓల్డ్ మాంక్ వేస్తే వెనీలా, మాడిన చక్కెర వాసన ముందుకొస్తాయి, రంగు మట్టిరంగు అవుతుంది. నేనైతే ఒక బాటిల్ అది, ఒక బాటిల్ ఇది. ఎవరి ఇష్టం వాళ్ళది, దీని మీద నాతో వాదనకి రాకండి.

కొబ్బరాకు · శనివారం రాత్రి 9:05

కొబ్బరిపాలు వేస్తే పినా కొలాడాలా అవుతుంది కదా? లేదంటే ఐస్‌క్రీమ్?

శాంతక్క · శనివారం రాత్రి 9:22

కొబ్బరిపాలు వేయొచ్చు, కానీ ఒక్కో గ్లాసూ విడిగా మిక్సీలో కొట్టుకోవాలి. గుండిగలో నిమ్మరసంతో కలిపి గంటలు వదిలేస్తే విరిగినట్టు తెట్టు కడుతుంది. ఐస్‌క్రీమ్ సంగతి ఇంకా ఘోరం. పచ్చి పైనాపిల్‌లో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. ఎక్కువ తింటే నాలుక చురచురమనేది దానివల్లే. పాలల్లో పడితే చేదు పుట్టిస్తుంది. డబ్బా పైనాపిల్‌ని వేడి చేసి సీల్ చేస్తారు కాబట్టి అందులో ఆ గొడవ ఉండదు.

డల్లాస్_బాబాయ్ · శనివారం రాత్రి 10:47

ఒప్పేసుకుంటున్నా. మొదటి పోస్టులో సగం సరదాకి రాశాను. అసలు జరిగింది చెప్తా.

నాలుగేళ్ళ కింద జులై 4 పార్టీ. మా ఇంటి వెనక, ఎండ మండిపోతోంది. పైనాపిల్ ముక్కలు రాత్రంతా రమ్‌లో నానబెట్టాను. తాగేవాళ్ళు తాగారు, బానే ఉన్నారు. తాగని మా బావమరిది, తాగని మా పక్కింటాయన, ఇద్దరూ "మేం పళ్ళు తింటాంలే" అని గిన్నెడు ముక్కలు లాగించారు. గంటలో బావమరిది స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చుని పద్యాలు మొదలుపెట్టాడు. పిల్లలు ఆ గిన్నె దగ్గరికి రాకుండా ఎవరో చూసి తీసేశారు, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి నానబెట్టకు తమ్ముడూ. ముక్కలు పోసే ముందు వెయ్యి, అందం కోసం నాలుగే వెయ్యి.

నల్లగొండ_బత్తాయి · శనివారం రాత్రి 11:02

ఏ పద్యం బాబాయ్?

డల్లాస్_బాబాయ్ · శనివారం రాత్రి 11:04

"బావా ఎప్పుడు వచ్చితీవు". అదే లైను, పదకొండుసార్లు. ఆ తర్వాత లైను రాదు వాడికి.

పీతల_పులుసు · ఆదివారం ఉదయం 6:50

ఐస్ గురించి ఎవరూ చెప్పలేదు. చేపల వ్యాపారం మాది, ఐస్‌తోనే బతుకు. చిన్న ముక్కలు గబగబా కరుగుతాయి, మీ పంచ్ నీళ్ళయ్యింది అందుకే. అదే బరువు ఒకే దిమ్మగా ఉంటే గాలికీ రసానికీ తగిలే పైభాగం తక్కువ, నిదానంగా కరుగుతుంది. టిఫిన్ క్యారేజీ గిన్నెల్లో కొబ్బరి నీళ్ళు ముప్పావు వరకే పోసి ఫ్రీజర్లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, నిండా పోస్తే మూత లేస్తుంది. శనివారానికి నాలుగు దిమ్మలు తయారు. కరిగినా కొబ్బరి నీళ్ళే కదా.

బయట కొనే ఐస్ దిమ్మలు లోపల వేయకండి. అది చేపలకి, తాగడానికి కాదు. కానీ పాత్ర చుట్టూ పేర్చడానికి అంతకన్నా మంచిది లేదు. పెద్ద తొట్టిలో ఐస్ కొట్టిపోసి, పైన రాళ్ళ ఉప్పు గుప్పెడు చల్లి, మధ్యలో స్టీలు గుండిగ కూర్చోబెట్టండి.

బామ్మగారి_మనవడు · ఆదివారం ఉదయం 7:01

పెద్ద తొట్టి అన్నారా? నలభై లీటర్లది? ఇత్తడిదైతే పర్వాలేదా?

శాంతక్క · ఆదివారం ఉదయం 7:15

😄 లోపల పులుపు తగలకపోతే గంగాళానికి నా అభ్యంతరం లేదు నాన్నా. ఉప్పు నీళ్ళు మాత్రం రాత్రంతా వదిలెయ్యకు.

గోదారి_గట్టు · సోమవారం రాత్రి 8:15

రెండో పాత్ర గురించి ఒక మాట. రమ్ లేకపోతే గొంతులో ఆ చురుకు లోటు తెలుస్తుంది, ఉత్త జ్యూస్ తాగినట్టే ఉంటుంది. శ్రీరామనవమి పానకం గుర్తు తెచ్చుకోండి, అందులో బెల్లం ఒక్కటే ఉంటే ఎవరు తాగుతారు? మిరియం, శొంఠి ఉంటేనే పానకం. పచ్చి అల్లం రసం మూడు చెంచాలు, దంచిన మిరియాలు అర చెంచా మూటకట్టి వేయండి. తాగనివాళ్ళ పాత్రే ముందు ఖాళీ అవుతుంది, రాసిపెట్టుకోండి.

శాంతక్క · సోమవారం రాత్రి 8:40

ఇది నాకు తట్టలేదండీ. కచ్చితంగా వేయి తమ్ముడూ. రమ్ పాత్రలో పైన జాజికాయ కాస్త గీరు. రెండింట్లోనూ చిటికెడు ఉప్పు.

ఆఖరుగా మూడు మాటలు. రుచి చూడటం బాగా చల్లబడ్డాకే, ఎందుకంటే చల్లదనంలో తీపి తగ్గినట్టు ఉంటుంది. సోడా మనుషులు వచ్చాకే, గిన్నె అంచు మీదుగా మెల్లగా. గుజ్జు ఉన్నచోట గబుక్కున పోస్తే పొంగి నేల తాగుతుంది. రెండు పాత్రలకీ రెండు రంగుల గరిటెలు, పెద్ద అక్షరాలతో అట్టలు.

తోటలో_పార్టీ · ఆదివారం మధ్యాహ్నం 1:25

ఇప్పుడే లేచాను. రిపోర్టు.

నిమ్మకాయలు నలభై చాలలేదు, ఎండాకాలపు కాయ, రసం లేదు. దారిలో ఇంకో పదిహేను కొన్నాం. చక్కెరలో తొక్క నలిపే పని ఇద్దరు క్లాస్‌మేట్లకి ఇచ్చాను, వాళ్ళు స్కూల్లో ఎవరు ఎవరికి చీటీ రాశారో మాట్లాడుకుంటూ గంటన్నర నలిపారు. వాసన నిజంగా అక్క చెప్పినట్టే ఉంది. బత్తాయిలు ఆరుంపావుకి పిండాం, ఎక్కడా చేదు లేదు.

తప్పు ఒకటి జరిగింది. మొదటి సోడా సీసా నేనే గబుక్కున పోశాను. పొంగింది. చెప్పులు ఇంకా జిగటగా ఉన్నాయి.

గోదారి గట్టు గారూ, మీ మాటే గెలిచింది. అల్లం మిరియాల పాత్ర తొమ్మిదింటికల్లా ఖాళీ. తాగేవాళ్ళు కూడా అటు వెళ్ళి పోసుకున్నారు. రమ్ పాత్రలో లీటరు దాకా మిగిలింది, మూడో బాటిల్ తేకపోవడం ఎంత మంచిదైందో. "అప్పుడు చూద్దాంలే" అన్న ఇద్దరిలో ఒకడు ఒక గ్లాసు రమ్ పంచ్ తాగి ఆపేశాడు, రెండోవాడు పానకం పంచ్ ఆరు గ్లాసులు తాగి, మత్తెక్కిందని చెప్పి అందరినీ పట్టుకుని ఏడ్చాడు. అందులో రమ్ లేదని వాడికి ఎవరం చెప్పలేదు.

మా ఆవిడకి రెండు పాత్రల్లోనూ తలా ఒక సీసా దాచి తెచ్చాను. ఇంకా మాట్లాడలేదు, తాగుతోంది.

బామ్మగారి_మనవడు · ఆదివారం మధ్యాహ్నం 2:10

బంతిపూల దండతో గంగాళం ఫొటో ఏది?

తోటలో_పార్టీ · ఆదివారం మధ్యాహ్నం 2:18

గ్రూపులో పెట్టాను బ్రో, అందరూ దాని పక్కనే నిలబడి దిగారు. సాయంత్రం తెచ్చి ఇస్తా. ఉప్పు నీళ్ళకి లోపల మరకలు పడ్డాయి, ఇప్పుడు చింతపండు పెట్టి తోముతున్నా. ఒక్క రుద్దుకే ఎంత రంగు ఊడి చేతికొస్తోందో చూస్తుంటే శాంతక్క ఎందుకు అంత గట్టిగా వద్దందో అర్థమవుతోంది.